కారుటకు సరియగు పదము

చింతల్లంక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సు సలోమి ఇరవై రెండేళ్ల సర్వీసులో దేనికీ జంకిన మనిషి కాదు. కవలల్ని తీసింది. ఎదురుకాళ్లతో వచ్చినవాళ్లను తీసింది. ఒక వరదలో పడవ మీద కాన్పు చేసి, పడవవాడి తలగుడ్డలోనే బిడ్డను చుట్టి తల్లికి అందించింది. అంతటి మనిషిని ఒక ఇంగ్లీషు మాట మూడు నెలలపాటు ముప్పుతిప్పలు పెట్టింది.

జులై మొదటివారంలో వానలు పట్టుకున్నాయి. మూడో రోజు పొద్దున్న ప్రసూతి గది తలుపు తీసేసరికి సరిగ్గా కాన్పుల బల్ల మీద నీళ్లు పడుతున్నాయి. సలోమి, ఆయా నూకరత్నం కలిసి బల్లను కిటికీవైపు జరిపారు. మధ్యాహ్నానికి అక్కడా పడడం మొదలైంది. గోడవైపు జరిపారు. సాయంత్రానికి గోడ కూడా తడిసింది.

“బల్ల ఎక్కడుంటే అక్కడికే వత్తందండి, కనిపెట్టుకుని” అంది నూకరత్నం, బక్కెట్టు పెడుతూ.

ఇలాంటివి ఏటా ఉండేవే. జిల్లా భవనాల విభాగానికి ఒక కాగితం రాస్తే, వారం పది రోజుల్లో వాళ్ల తాపీమేస్త్రి వచ్చి ఏదో పూసి వెళ్లేవాడు. సలోమి అలవాటుగా కాగితం తీసి, లేబర్ రూమ్ రూఫ్ ఈజ్ లీకింగ్, కైండ్లీ రిపేర్ అని ఇంగ్లీషులో రాసి, సంతకం చేసి, స్టాంపు గుద్ది పంపింది.

ఆ విభాగానికి కొత్తగా వచ్చిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు చక్రధరరావుగారు అప్పుడే ఏదో కొండమీది చల్లటి ఊళ్లో అయిదు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చారని ఆమెకు తెలియదు. ‘ఖచ్చిత పదాలతో పరిపాలన’ అన్నది ఆ శిక్షణ పేరు. వెళ్లేటప్పుడు ఆయన మామూలు మనిషే. వచ్చాక మాత్రం, అక్కడ బహుమతిగా ఇచ్చిన లావుపాటి ఇంగ్లీషు నిఘంటువును బల్ల మీద పెట్టుకుని, ఆ చోటులో ఉన్న సిమెంటు నమూనాలను బీరువా వెనక్కి తోయించారు. ఇంగ్లీషులో ఏ రెండు మాటలకూ ఒకే అర్థం ఉండదనీ, గుమస్తాలు ఒకదానికి బదులు ఇంకొకటి రాసెయ్యడం వల్లనే కట్టడాలన్నీ ఇలా తగలడ్డాయనీ ఆయనకు అక్కడ బోధపడింది. ఇందుకు ఆయన దగ్గర ఒక రుజువు కూడా ఉంది. పశువుల ఆస్పత్రి గేటు తుప్పు పట్టినప్పుడు ఒక గుమస్తా ‘రీప్లేస్’ అని రాయవలసినచోట ‘రిమూవ్’ అని రాశాడు. మనుషులు వచ్చి గేటు తీసుకుపోయారు. కొత్తది రాలేదు. ఆవులు వైద్యం పూర్తికాకుండానే ఇళ్లకు వెళ్లిపోయాయి.

ఇకమీదట మాట సరిగ్గా లేని అర్జీ అర్జీయే కాదని ఆయన ఉత్తర్వు వేశారు.

పదిహేను రోజులకు సలోమికి జవాబు వచ్చింది. “సదరు అర్జీయందు ‘లీక్’ అను పదము వాడబడినది. అనుబంధం-బి ప్రకారము కారుటకు ఎనిమిది పదములు కలవు. అందు లీక్ అనగా, నీటిని ఆపవలసిన వస్తువు తన లోపము వలన ఆపలేకపోవుట. అనగా ప్రభుత్వ కట్టడమునందు లోపము కలదని తమరు ఆరోపించుచున్నారు. అట్లయినచో లోపమునకు బాధ్యుల పేర్లు, హోదాలు సాక్ష్యములతో జతపరచవలెను. ఆరోపణ లేనిచో సరియగు పదముతో తిరిగి సమర్పించవలెను. పదనిర్ణయము పూర్తియగు వరకు పైకప్పును ఎవరును ముట్టరాదు. ముట్టినచో కారుట యొక్క స్వభావము మారిపోవు ప్రమాదము కలదు.”

ఈ ఆఖరి ముక్కే ఆమె కొంప ముంచింది. ఆ పొద్దునే ఊళ్లో తాపీమేస్త్రి ఒకడు, తన కూతురి కాన్పు ఇక్కడే అయిందన్న అభిమానంతో, ఊరికే చూసిపెడతానని నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. సలోమి కాగితం చూపించి వెనక్కి పంపేసింది. నిచ్చెనతో సహా అతను గేటు దాటుతుంటే ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది.

మర్నాడు బస్సెక్కి జిల్లా ఆఫీసుకు వెళ్లింది. సూపరింటెండెంటు కామేశంగారు ఆమెను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు.

“ఇప్పుడు చెప్పండి సిస్టర్. మీది లీకా, డ్రిప్పా, సీపా, ఊజా, ట్రికిలా?”

“కారుతోందండి.”

“ఇదేనమ్మా మన తెలుగువాళ్లతో వచ్చిన చిక్కు. కుండ కారుతుంది, కన్ను కారుతుంది, ముక్కు కారుతుంది, ఇల్లు కారుతుంది. అన్నిటికీ ఒకటే మాట. ఇలా అయితే పరిపాలన ఎలా సాగుతుంది?” అని ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. “డ్రిప్ అంటే బొట్టు తర్వాత బొట్టు, నడుమ విరామం. ట్రికిల్ అంటే విరామం లేని సన్నటి ధార. సీప్ అంటే సందుల్లోంచి ఎవరికీ తెలియకుండా మెల్లగా రావడం. ఊజ్ కూడా అలాగే వస్తుంది, కాకపోతే చిక్కగా, కాస్త అసహ్యంగా.”

“ఎవరికండి అసహ్యం?”

“చూసేవాళ్లకి.”

“మా దగ్గర అన్నీ ఉన్నాయండి. బల్ల మీద బొట్లు పడుతున్నాయి, తలుపు దగ్గర ధార కడుతోంది, గోడంతా చెమ్మ.”

“అదెలా కుదురుతుంది? ఒక అర్జీకి ఒకటే పదం. ఒక్కో పదానికి ఒక్కో సెక్షన్.”

“పోనీ, ఏది రాస్తే తొందరగా అవుతుందండి?”

“తొందర అనకండి సిస్టర్. హేస్ట్ వేరు, స్పీడ్ వేరు, అర్జెన్సీ వేరు. అది అనుబంధం-ఎఫ్.” కామేశంగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “నా మాట విని లీక్ మాత్రం రాయకండి. లీక్ అంటే ఎవరో ఒకరు తప్పు చేసినట్టు. డ్రిప్ అనుకోండి, అది నీటి పని. నీటి మీద శాఖాపరమైన చర్య ఉండదు. అందరికీ క్షేమం.”

సలోమి అక్కడే కూర్చుని, డ్రిప్ అని రాసి ఇచ్చి వచ్చింది.

‘ప్రసూతి గది, డ్రిప్, అత్యవసరం’ అన్న ఆ ఫైలు ఏ సెక్షన్ నుంచి ఏ సెక్షన్‌కు తిరిగిందో ఏమో, ఆగస్టు మొదట్లో ఆస్పత్రి ముందు వ్యాను ఆగింది. అందులోంచి డజను సెలైన్ స్టాండ్లు దిగాయి.

“డ్రిప్పు కావాలని మీరే రాశారంట కదండీ” అన్నాడు డ్రైవరు, రసీదు చాపుతూ.

నూకరత్నం వాటిని కాసేపు చూసి, నాలుగు స్టాండ్లు లోపలికి మోసుకుపోయింది. బల్ల నాలుగు మూలలా నిలబెట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కట్టింది. “పెళ్లి పందిరిలా లేదేంటండీ?” అని తనే మురిసిపోయింది. నిజానికి భవనాల విభాగం నుంచి ఆ ఏడాది ఆస్పత్రికి అందిన సాయం అదొక్కటే. అయితే గంట వాన పడితే పట్టాలో నీళ్లు నిలిచి, మధ్యలో పొట్టలా దిగేది. కాన్పు చేస్తూ ఒకళ్లు కర్రతో దాన్ని పైకి పొడుస్తూ ఉండాలి.

ఈసారి సలోమి సీప్ అని రాసింది. అది భూగర్భ జలాల సెక్షన్‌కు వెళ్లింది. ఇద్దరు ఉద్యోగులు పెట్టెలో పరికరాలు తెచ్చి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా కొలిచారు. “నేలకు పదకొండు అడుగుల ఎత్తున భూగర్భ జలము లభ్యమగుచున్నది” అని నివేదిక రాశారు. వెళ్లేటప్పుడు వాళ్లలో పెద్దాయన సలోమికి చేతులు జోడించాడు. “ఇంత పైన నీరు పడడం నా సర్వీసులో చూళ్లేదు సిస్టర్. మీరు అదృష్టవంతులు” అన్నాడు. బోరు వెయ్యడానికి అనువైన చోటని పైకప్పుకు లోపలివైపు సున్నంతో గుర్తు పెట్టి మరీ వెళ్లాడు.

ఆ తర్వాత ఊజ్. ఆ మాట చూసి సీసాలో నమూనా పట్టుకెళ్లారు. మూడు వారాలకు ఫలితం వచ్చింది. “పరీక్షలో సదరు ద్రవము నీరు అని తేలినది. నీరు ఊజ్ కానేరదు. కార్యాలయమును తప్పుదోవ పట్టించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.”

ఇవన్నీ చెప్పుకుని నవ్వుకోదగ్గ సంగతులే. సలోమి కూడా నవ్వేది. కాని సెప్టెంబరు రెండో వారంలో వాన మరీ ఎక్కువై, పట్టా చిరిగి, గదిలో చీలమండల దాకా నీళ్లు నిలిచిన రోజున ఒక తొలిచూలు అమ్మాయి నొప్పులతో వచ్చింది. ఆ గదిలో కాన్పు చెయ్యడానికి ధైర్యం చాలక సలోమి ఆమెను ఆటోలో పట్నం పంపింది. ఏరు దాటించే పంటు కోసం రేవులో ఆగి ఉండగా ఆటోలోనే ఆ అమ్మాయి ప్రసవించింది. పక్కన అత్తగారు తప్ప ఎవరూ లేరు. దేవుడి దయవల్ల తల్లీ బిడ్డా బతికి బయటపడ్డారు. ఆ కబురు విన్నాక సలోమికి రెండు రోజులు అన్నం సయించలేదు. ఇరవై రెండేళ్లలో ఆమె చేతిలోంచి ఒక కాన్పు జారిపోవడం అదే మొదలు.

మూడో రోజు పొద్దున్నే కాగితాలు ముందేసుకుని కూర్చుంది. ఈసారి ఇంగ్లీషు జోలికి పోలేదు. నూకరత్నాన్ని ప్రసూతి గది మధ్యలో నిలబెట్టి, ఎక్కడెక్కడ ఏమవుతోందో చెప్పమంది.

“బల్ల మీద బొట్టు బొట్టుగా రాల్తంది. తలుపుకాడ దార కట్టింది. ఈ గోడ చెమర్చింది. ఆ గోడ ఊరతంది. కిటికీ మీంచి జాలువారతంది. ఈ మూల ఇంకతంది. దూలంకాడ చిప్పిల్లతంది. పంకా రెక్కలమీంచి చిమ్మతంది.” నూకరత్నం ఆగి, పైకి చూసి, “ఈ సున్నం గుర్తు పెట్టినకాడ మట్టుకు ఏటీ లేదండి” అంది.

సలోమి పొల్లుపోకుండా రాసి, పది రోజుల్లోగా పైకప్పు బాగుచెయ్యకపోతే ఇక్కడ కాన్పులు ఆపేస్తానని, ఆ మాట ఊరందరికీ చెప్తానని కింద చేర్చి పంపింది.

ఆ ఉత్తరం జిల్లా ఆఫీసులో కలకలం రేపింది. కాన్పులు ఆగిపోతాయన్నందుకు కాదు. అందులో అనుబంధం-బికి అందని మాటలు ఆరున్నాయి. చక్రధరరావుగారు వెంటనే ‘పద నిర్ధారణ సంఘం’ వేశారు. అధ్యక్షులు తాము. కార్యదర్శి కామేశంగారు. నిపుణుడిగా కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన భుజంగరావు మేష్టారిని పిలిపించారు.

సంఘం చింతల్లంకకు వచ్చేసరికి సెప్టెంబరు ఆఖరు. ఆ రోజు చినుకన్నది లేదు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. జీపులోంచి ముందు చక్రధరరావుగారు దిగారు. తర్వాత ప్లాస్టిక్ సంచిలో నిఘంటువును పొదివి పట్టుకుని కామేశంగారు దిగారు. చివర, బక్కపలచటి భుజంగరావు మేష్టారు పొడుగాటి నల్లగొడుగు ఊతంగా చేసుకుని మెల్లగా దిగి, సలోమికి నమస్కారం పెట్టారు.

“ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పానమ్మా. సీప్‌కీ ఊజ్‌కీ తేడా ఏమిటని ఒక్క పిల్లవాడు అడిగిన పాపాన పోలేదు. రిటైరయ్యాక ప్రభుత్వం అడిగింది” అన్నారు. ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి.

“వాన లేదు కదండీ, ఏం చూస్తారు?” అంది సలోమి.

“విభాగం దేనికీ వాన మీద ఆధారపడదు” అన్నారు చక్రధరరావుగారు. ఆయన వేలు చూపించిన వైపు, రోడ్డు మలుపు తిరిగి, గంట కొట్టుకుంటూ ఫైరింజను వస్తోంది.

దాని వెనకే ఒక ఆటో కూడా వచ్చింది. అందులో దేవి అనే ఇరవయ్యేళ్ల పిల్ల పళ్లు బిగించి కూర్చుంది. పక్కన ఆమె మొగుడు సూరిబాబు. కొబ్బరి దింపు తీసే పని అతనిది. చెట్టు మీద ఉండగా కబురందితే ఉన్నపళంగా దిగి, నడుముకు కట్టుకున్న మోకుతాడు కూడా విప్పకుండా వచ్చేశాడు.

సలోమి ఆమెను లోపలికి తీసుకెళ్లి చూసింది. పట్నం పంపే వ్యవధి లేదు. పంపే ఉద్దేశం అంతకన్నా లేదు. రేవులో జరిగింది ఇంకా గుండెల్లోనే ఉంది. నూకరత్నం గది తుడిచి, బల్ల మీద కొత్త పట్టా కట్టి, వేడినీళ్లు తెచ్చింది. దేవి బల్లెక్కి పడుకుందో లేదో, నెత్తిన ఏనుగులు పరిగెత్తినట్టు చప్పుడైంది.

ఫైరింజను పైకప్పు మీద నీళ్లు కొడుతోంది.

అయిదు నిమిషాల్లో గది నాలుగు మూలలా నూకరత్నం చెప్పిన ఎనిమిది రకాలూ మొదలయ్యాయి. సలోమి గ్లవుజు చేతులతోనే వరండాలోకి పరిగెత్తింది.

“ఆపించండి సార్! లోపల కాన్పవుతోంది!”

“పావుగంట నిరంతర ప్రవాహం లేనిదే నమూనా ప్రామాణికం కాదమ్మా” అన్నారు చక్రధరరావుగారు, గడియారం చూస్తూ. “కాన్పు సహజ ప్రక్రియ. దానికి మేము ఎట్టి ఆటంకమూ కలిగించడం లేదు. అదిగాక, సంఘం లోపలికి వచ్చి ప్రత్యక్షంగా పరిశీలించవలసి ఉంది.”

సలోమి తలుపుకు అడ్డంగా నిలబడింది. “మగవాళ్లెవరైనా ఈ గడప దాటారంటే నేను ఏ పదం వాడతానో నాకే తెలియదు.”

సంఘం గడప దాటలేదు. వరండా చివర, కిటికీ బయట, చూరు కింద నిలబడి, చెవులతో పరిశీలించడానికి తీర్మానించుకుంది. ఇది మేష్టారికి చెప్పలేనంత ఉత్సాహాన్నిచ్చింది. కళ్లు మూసుకున్నారు.

“టప్... టప్... ఇది డ్రిప్, సందేహం లేదు. ఆగండాగండి, దాని వెనక సన్నగా ఒకటి వినిపిస్తోంది. అది ట్రికిల్. వేగం పెరిగింది. ఇక ట్రికిల్ అనడానికి వీల్లేదు.”

“డ్రిప్ నుంచి ట్రికిల్‌కు మారిన సమయం పదకొండు గంటల ఆరు నిమిషాలు” అని రాసుకున్నారు కామేశంగారు.

లోపల్నుంచి దేవి కేక వినపడింది. సూరిబాబు వరండా స్తంభాన్ని కావలించుకున్నాడు. అంతలో తలుపు తెరుచుకుని నూకరత్నం సుడిగాలిలా వచ్చింది. జుట్టంతా తడిసి మొహానికి అతుక్కుపోయింది.

“పట్టా చిరిగిపోయింది! మేష్టారండీ, ఆ గొడుగిలా ఇచ్చీండి!”

మేష్టారు కళ్లు తెరిచి, ఏమీ అడక్కుండా గొడుగిచ్చేశారు.

“లోన గొడుగేసుకుని కంటందేంట్రా నా పెళ్లాం?” అన్నాడు సూరిబాబు, ఎవర్ని అడగాలో తెలియక. తర్వాత ఎవర్నీ అడగలేదు. ఆస్పత్రి గోడను ఆనుకున్నట్టుగా ఒక కొబ్బరిచెట్టు ఉంది. మోకు చెట్టు చుట్టూ వేసి నాలుగు ఊపుల్లో పైకెక్కి, పైకప్పు మీదకు దూకాడు.

“ఎవరయ్యా అది! దిగు! పైకప్పు విచారణలో ఉంది!” అని అరిచారు చక్రధరరావుగారు.

“ఓరి నాయనో!” అని పైనుంచి సమాధానం వచ్చింది. “మోకాల్లోతు నీళ్లున్నాయండి ఇక్కడ! చేపలు పెంచొచ్చు!”

“స్వభావం మారిపోతుంది! ముట్టుకోకు!”

“తూములో కొబ్బరిమట్ట బిగుసుకుపోయిందండి! నీళ్లు పోయే దారేదీ? పోదు! అందుకే లోనకి దిగతంది!”

“అది నువ్వు నిర్ధారించకూడదు!”

“నా పెళ్లాం కింద ఉందండీ!” అన్నాడు సూరిబాబు. రెండు చేతులా మట్ట పట్టుకుని, పిట్టగోడకు కాలు తన్నిపెట్టి, ఒక్క లాగు లాగాడు.

ఆ తూము సరిగ్గా వరండా చివర, కిటికీకి పైనుంది. జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల నీళ్లన్నీ, వాటి వెనక ఫైరింజను నీళ్లూ, కుళ్లిన ఆకులు, బురద, ఎవరిదో ఒక రబ్బరు చెప్పుతో సహా పద నిర్ధారణ సంఘం నెత్తిన పడ్డాయి. కామేశంగారు కూర్చుండిపోయారు. నిఘంటువు సంచిలోంచి జారి, కాసేపు పడవలా తేలి, ఎక్స్, వై, జడ్ పేజీలు విప్పుకుని మునిగిపోయింది. చక్రధరరావుగారి గడియారం పదకొండూ పదమూడు దగ్గర ఆగింది.

“గష్!” అన్నారు మేష్టారు, నోట్లోంచి నీళ్లు ఉమ్ముతూ, పరమానందంగా. “దీన్ని పోర్ అనకూడదు, ఫ్లో అనకూడదు. గష్! జీవితంలో ఇంత స్వచ్ఛమైన గష్ నేను చూడలేదు!”

ఫైరింజను వాళ్లకు ఏమనిపించిందో, ఎవరూ చెప్పకుండానే గొట్టం కట్టేశారు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో లోపల్నుంచి సన్నగా, కోపంగా, కొత్త గొంతు ఒకటి మొదలైంది.

కామేశంగారు నేల మీద కూర్చునే తడిసిన నోటుపుస్తకం తెరిచారు. “మేష్టారూ, దీన్ని క్రై అని రాయమంటారా, వెయిల్ అనా?”

“ఆడపిల్లో మగపిల్లాడో అడగవయ్యా ముందు” అన్నారు మేష్టారు.

సలోమి బయటికి వచ్చింది. నెత్తినుంచి పాదాల దాకా తడిసి ఉంది. చేతుల్లో ఉన్న గుడ్డమూట మాత్రం పొడిగా ఉంది. “ఆడపిల్ల. తల్లి బాగుంది” అని చెప్పి, పైకి చూసి, “ఒరే సూరిబాబూ, ఇంక దిగరా, కూతుర్ని చూసుకో” అంది. చేతులు చాచబోయి, వాటికున్న బురద చూసుకుని, వెనక్కి కట్టుకుని, సూరిబాబు మెడ వంచి బిడ్డను చూశాడు.

ఆ సాయంత్రానికి ప్రసూతి గదిలో బొట్టు పడడం ఆగిపోయింది. ఆదివారం సూరిబాబు, అప్పుడు నిచ్చెనతో వచ్చి తిరిగిపోయిన మేస్త్రి కలిసి, ఎవర్నీ ఏ మాటా అడక్కుండా పగుళ్లలో సిమెంటు పూత పూశారు. సోమవారం పెద్దవాన కురిసింది. నూకరత్నం గది మధ్య నిలబడి చాలాసేపు పైకి చూసి, “ఏటీ తోచట్లేదండి” అంది.

సలోమి తనను సస్పెండు చేస్తారని ఎదురుచూసింది. బదులుగా, పది రోజులకు జిల్లా నుంచి అభినందన పత్రం వచ్చింది. “పద నిర్ధారణ సంఘము యొక్క నిశిత పరిశీలన ఫలితముగా చింతల్లంకయందు కారుట దానంతట అదియే నిలిచిపోయినది. ఇది జిల్లాలో ప్రథమ విజయము” అని ఉంది అందులో. చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాల వాళ్లందరికీ ఒకరోజు సదస్సు పెడుతున్నారనీ, అందులో ఆమె తన అనుభవం చెప్పాలనీ కోరారు.

సదస్సు రోజున హాలు నిండింది. మొదటి వరసలో భుజంగరావు మేష్టారు కూర్చున్నారు. చక్రధరరావుగారు కొత్త నిఘంటువు పక్కన నిలబడి, మైకు సవరించి, “సిస్టర్ సలోమిగారు ఎన్నో పదాలు ప్రయోగించారు. విఫలమయ్యారు. నిరుత్సాహపడలేదు. చివరికి సరైన పదం దొరికింది, కారడం ఆగింది. ఆ పదమేమిటో ఆమె నోటనే విందాం” అన్నారు.

సలోమి మైకు దగ్గరకు వెళ్లింది. కోపంగా నాలుగు మాటలు అడగాలని బస్సులో అనుకుంటూ వచ్చింది. రేవులో ఆటోలో కన్న పిల్ల సంగతి చెప్పాలనుకుంది. ఎదురుగా వందమంది నర్సులు పెన్నులు తెరిచి, పుస్తకాల మీదకు వంగి ఉన్నారు. వాళ్ల మొహాలు చూసి అవన్నీ పక్కన పెట్టేసింది.

“పదం కాదండి. కొబ్బరిమట్ట. తూములో ఇరుక్కుంది. తీసేశాం. అంతే.”

చప్పట్లు మారుమోగాయి. కామేశంగారు గబగబా రాసుకుంటూ తలెత్తారు. “మట్టకి ఒక టీయా, రెండు టీలా అండి?”

“రెండేనండి” అంది సలోమి.

“అనుబంధం-బికి తొమ్మిదో పదంగా దీన్ని చేరుస్తున్నామని ప్రకటించడానికి సంతోషిస్తున్నాను” అన్నారు చక్రధరరావుగారు. “అర్థచ్ఛాయ విషయమై మేష్టారు వివరణ ఇస్తారు.” మేష్టారు లేవలేదు. రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతుంటే, భావోద్వేగమనుకుని అందరూ ఇంకోసారి చప్పట్లు కొట్టారు.

భోజనాల దగ్గర వరసలో ఒక చిన్న వయసు నర్సు సలోమి వెనక నిలబడింది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా అయినట్టు లేదు. విస్తరి చేత్తో పట్టుకుని, చాలాసేపు తటపటాయించి, మెల్లగా అంది.

“మేడమ్, మాదీ కారుతోందండి. టీకాలు పెట్టే గది. మూడుసార్లు రాశాను. మీరన్న ఆ కొత్త మాట రాస్తే అయిపోతుందంటారా? దాని ముందు ‘ఈజ్’ పెట్టాలా, అక్కర్లేదా?”

సలోమి వెనక్కి తిరిగి ఆ పిల్లను చూసింది. నవ్వు రాబోయింది, ఆపుకుంది. వరసలోంచి ఆమెను పక్కకు తీసుకెళ్లి, భుజం మీద చెయ్యి వేసింది.

“అదంతా తర్వాత చెప్తాను గాని, ముందిది చెప్పమ్మా. మీ ఊళ్లో చెట్లెక్కేవాళ్లు ఎవరున్నారు?”